స్లో మీద నిలబడని మోటారు

ఏటి మీద తిరిగే ప్రతి మోటారు గొంతూ స్పానరమ్మకి తెలుసు. షెడ్డులో తల వంచుకుని ఏ బోల్టో బిగిస్తూనే, కళ్లెత్తి చూడకుండా, వచ్చేది ఎవరి పడవో చెప్పేస్తుంది. జాలరి అన్నదమ్ముల మోటారుది కీచుగొంతు. ఇసుక పడవది బొంగురు. జనాన్ని ఈ గట్టు నుంచి ఆ గట్టుకి దాటించే సరంగు మోటారుది మాత్రం రేవు మొత్తం మీద వినసొంపైన గొంతు. సరంగు ఆమెకి కన్నతండ్రి, ఆ మోటారుని అలా ఉంచింది తనే, కాబట్టి ఆ సంగతి పదిమందిలో చెప్పుకోవడానికి ఆమె ఏమాత్రం మొహమాటపడేది కాదు. అలాంటిది రెండు నెలలుగా దాని గొంతు పోయి దగ్గు మిగిలింది.

సోమవారం పొద్దున ఆ దగ్గు కూడా ఆగింది.

పడవ రేవుకి నాలుగు బారల దూరంలో ఉంది. సరంగు వేగం తగ్గించి స్లోలోకి తెచ్చాడు. మోటారు గడగడా వణికి, నల్లగా పొగ వదిలి, టక్కున ఆగిపోయింది. ఆగిన మోటారుకి రివర్సు గేరు వేస్తే ఏం లాభం? పడవ తన మానాన తను వచ్చి రేవు చెక్కలకి కట్టిన టైర్లని ధడేలున గుద్దింది. ముందుభాగంలో తాడు పట్టుకుని నిలబడ్డ స్పానరమ్మ తల్లి ఎలాగో నిలదొక్కుకుంది గానీ, దిగాలన్న తొందరలో ముందే లేచిన ప్రయాణికులు ఒకరి మీద ఒకరు పడ్డారు. తెల్లచొక్కా వేసుకున్న ఒకాయనకి మోకాలు చెక్కుకుపోయింది, చొక్కాకి మసి అంటింది. ఆయన మోకాలి కంటే చొక్కా గురించే ఎక్కువ బాధపడ్డాడు.

"ఇది పడవా, పాడెనా? శుక్రవారం తనిఖీకి వస్తారుగా, నేనే వెళ్లి రేవు ఆఫీసులో చెప్తా!" అని సరంగు మొహం మీదే అరిచాడు.

సరంగు నవ్వుతూ తల ఊపాడు. "నిదానంగా దిగండి బాబూ, చెక్కలు తడిగా ఉన్నాయి."

తిట్టిన తిట్టుకి నవ్వే మనిషిని ఏం చేయగలరు? తెల్లచొక్కా ఆయన గొణుక్కుంటూ కుంటుకుంటూ పోయాడు. మా నాన్నకున్న ఓపికలో నాకు పావలా వంతు కూడా రాలేదు కదా అనుకుంది స్పానరమ్మ. చేతిలో గుడ్డతో అప్పటికే ఆమె రేవు చెక్కల మీదికి వచ్చేసింది.

"నాన్నా, ఇవాళే మోటారు దింపుతున్నా!"

"ఎందుకు? దానికేం? బంగారం లాంటి మోటారు!"

"బంగారం దగ్గదు!"

ఇదంతా అరుపుల్లోనే నడిచింది. కొత్తవాళ్లు చూస్తే కొట్టుకుంటున్నారేమో అనుకుంటారు. మోటార్ల మధ్య బతికే ఇల్లు అది. ముద్దుగా మాట్లాడినా, పోట్లాడినా ఒకటే స్థాయి. అన్నం వడ్డించనా అని తల్లి అడిగితే పక్కవీధి వాళ్లు వద్దనాలి. అందుకే ఆ ఇంట్లో ఎవరు ఎవరికి ఎన్నిసార్లు చెప్పాల్సి వస్తోందో ఎవరూ పట్టించుకోలేదు.

"శుక్రవారం పోనీ. తర్వాత చూద్దాం" అన్నాడు సరంగు.

"శుక్రవారం తనిఖీలో ఇలాగే ఆగిందనుకో, పడవని కట్టేయమంటారు. తర్వాత చూడ్డానికి ఏముంటుంది, తాడా?"

సరంగు ఒంగి మోటారు వెనక్కి చూశాడు. మోటారు ఆడుతున్నంతసేపూ వెనక నుంచి సన్నటి నీటిధార ఒకటి చిమ్ముతూ ఉంటుంది. లోపలి వేడిని చల్లార్చిన నీళ్లు బయటికొచ్చే దారి అది. ధార ఆగితే మోటారుకి ఆపద. ఏ సరంగైనా దాన్ని అప్పుడప్పుడు చూసుకుంటాడు. ఈయన మాత్రం మాటిమాటికీ వెనక్కి తిరిగి చూస్తాడు. కన్నబిడ్డకి జ్వరమొచ్చిందేమో అని నుదురు పట్టి చూసే తల్లిలాగా అని స్పానరమ్మ ఎగతాళి చేస్తుంది గానీ, మనసులో ఆమెకి ఆ జాగ్రత్త అంటే గర్వం. ఇప్పుడు ధార లేదు. సరంగు కాసేపు ఆ ఖాళీ వంకే చూసి, బెల్లం కొట్టిన రాయిలా కూర్చుండిపోయాడు.

మధ్యాహ్నం తల్లి షెడ్డుకి వచ్చింది. టీ గ్లాసు పనిబల్ల మీద పెట్టి, పోకుండా అక్కడే నిలబడింది. కొంగుతో లేని దుమ్ము తుడిచింది.

"ఏంటమ్మా?"

"ఏం లేదు. మోటారు మరీ అంత పూర్తిగా బాగుచెయ్యకపోతే ఏం? ఆగిపోకుండా చూడు, చాలు. ఆ కాస్త వణుకు ఉంటే ఉండనీ."

స్పానరమ్మ పకపకా నవ్వింది. "డాక్టరు దగ్గరికెళ్లి సగం జ్వరం ఉంచండి అన్నట్టుంది నీ వరస."

తల్లి కూడా నవ్వాలని చూసింది. ఏదో అనబోయింది. బయట సరంగు దగ్గిన చప్పుడు వినబడేసరికి ఖాళీ అవని గ్లాసే తీసుకుని వెళ్లిపోయింది.

మంగళవారం పక్క పడవవాళ్లు ఆ ట్రిప్పులు కూడా తామే వేస్తామన్నారు. తండ్రీ కూతుళ్లిద్దరూ చెరోవైపు పట్టి మోటారుని తెచ్చి షెడ్డులో స్టాండుకి తగిలించారు. సరంగు ఒక ముక్కాలి పీట మీద కూర్చున్నాడు. వెళ్లమంటే వెళ్లడు, సాయం చేయమంటే చేయడు. ఆపరేషను గది బయట కూర్చున్న బంధువు వాలకం.

స్పానరమ్మకి పనిలో ఒక వరస ఉంది. ముందు తేలికవి, తర్వాత కష్టమైనవి. ముందు పెట్రోలు. గొట్టం మధ్యలో ఉండే రబ్బరు బంతిని నొక్కి గాజు సీసాలోకి కాస్త వదిలి వెలుగులో పెట్టింది. నీరు కలిసి ఉంటే అడుగున బుడగలా విడిగా నిలబడుతుంది. నీరు లేదు, కానీ పెట్రోలు పాతబడి రంగు తిరిగింది, పుల్లటి వాసన కొట్టింది. పారబోసింది. తర్వాత ప్లగ్గు విప్పింది. మొన మొత్తం మసి, పైగా తడి. కాటుకలో ముంచి తీసినట్టుంది.

"చూడు నాన్నా, పెట్రోలు కుడుస్తోంది గానీ అరిగించుకోలేకపోతోంది" అని ప్లగ్గు చూపించింది.

సరంగు ప్లగ్గు చూశాడు, కూతురి మొహం చూశాడు, తల ఊపాడు.

కొత్త ప్లగ్గు వేసి, మోటారు కాలుని నీళ్ల డ్రమ్ములో దించి తాడు లాగింది. కాసేపు బాగానే ఆడి మళ్లీ అదే వణుకు, అదే పొగ. షెడ్డు రేకులు కూడా గడగడలాడాయి. అయితే ఇక కార్బురేటరే. పెట్రోలుని గాలితో సమపాళ్లలో కలిపి మోటారుకి తినిపించే భాగం అదే కాబట్టి, పాళ్లు తప్పితే తప్పు దానిదే.

గొట్టం ఊడదీసింది, చోక్ కడ్డీ కొక్కెం తప్పించింది, రెండు నట్లు విప్పి కార్బురేటర్‌ని రెండు చేతులా బయటికి తీసింది. పాత తువ్వాలు పరిచి, విప్పిన ప్రతి ముక్కనీ విప్పిన వరసలోనే దాని మీద పేర్చింది. అడుగునుండే చిన్న గిన్నె మరలు తీస్తే లోపల గోధుమరంగు జిగురు, ఎండిన వార్నిష్‌లాగా. గిన్నెలో పెట్రోలు మీద తేలే ఫ్లోటు ఇరుసుని మెల్లగా తోసి బయటికి లాగింది. గిన్నె నిండగానే పెట్రోలు దారి మూయాల్సిన సూదికి కూడా ఆ జిగురే పట్టింది. సూది సరిగా మూసుకోక, గిన్నె పొంగి, మోటారుకి గొంతుదాకా పెట్రోలు. దొంగ దొరికాడు అనుకుంది స్పానరమ్మ.

తర్వాత పక్కనున్న చిన్న స్క్రూ దగ్గరికి వచ్చింది. స్లోలో పెట్రోలు ఎంత వెళ్లాలో తేల్చేది అదే. అక్కడ ఆమె చెయ్యి ఆగింది.

ఏ స్క్రూనైనా తను సరిచేశాక, దాని తల మీదా పక్క ఇనుము మీదా కలిసేలా ఎర్రటి గోళ్లరంగు ఒక చుక్క పెట్టడం ఆమె అలవాటు. ఆ సీసా పనిముట్ల పెట్టెలోనే ఉంటుంది. గోళ్లకి మాత్రం ఎప్పుడూ గ్రీజే. చుక్క చెక్కుచెదరకుండా ఉంటే ఆ స్క్రూ ఆమె మాట. పగిలితే ఎవరో ఆ మాట తప్పించారన్నమాట. ఇక్కడ చుక్క పగిలింది. స్క్రూ తన గుర్తు దాటి బాగా వెనక్కి తిరిగి ఉంది. స్క్రూ గాడిలో కొత్త గీతలు మెరుస్తున్నాయి. స్క్రూడ్రైవరు గీతలు కావవి. కత్తి మొనవి.

ముక్కు మీదుండే కోపం నెత్తికెక్కింది.

"ఎవరు తిప్పారిది? ఆ గట్టు మెకానిక్కేనా? నా పనిలో వేలు పెట్టడానికి వాడెవడు? నాన్నా, నిన్నే! ఎవరికిచ్చావ్ మోటారు?"

సరంగు కూతురి మొహం వంక చూసి, తువ్వాలు మీద ముక్కల వైపు కళ్లు దించుకున్నాడు. నడుముకున్న చిన్న మడతకత్తి మీద చెయ్యి వేసుకుని, "నేనెవరికిస్తాను" అన్నాడు. ఆ గొంతు ఎప్పటిలా అరుపు కాదు. చాలా చిన్నగా వచ్చింది.

స్పానరమ్మ ఆ చెయ్యి చూసింది, కత్తి చూడలేదు. కోపంలో ఉన్నవాళ్లకి కళ్లు సగమే పనిచేస్తాయి. ఆ గట్టు మెకానిక్కుని వాడి ఏడుతరాలతో సహా ఏకేస్తూనే పనిలో పడింది. ముక్కలన్నిటి మీదా జిగురు కరిగించే మందు చిమ్మి నాననిచ్చింది. పెట్రోలు చిమ్మే జెట్లు ఒక్కొక్కటే వెలుగుకెదురుగా పెట్టి చూసింది. వెంట్రుకంత రంధ్రాలు అవి. తీగ పెట్టి పొడవడం ఆమె దగ్గర మహాపాపం, పొడిస్తే రంధ్రం పెద్దదై జెట్టు శాశ్వతంగా చెడుతుంది. మళ్లీ నానబెట్టింది, గాలి కొట్టింది, మళ్లీ చూసింది. చివరికి రంధ్రంలోంచి ఏటి మీది వెలుగు చుక్కంత గుండ్రంగా కనబడింది. సూది మార్చింది. కార్బురేటర్‌ని తలకిందులుగా పట్టుకుని ఫ్లోటు మట్టం సరిచూసింది. గిన్నెకి కొత్త వాషరు వేసి మరలు బిగించింది. ఆఖరున ఆ స్క్రూని అడుగంటా మెల్లగా తిప్పి, తన గుర్తుకి తెచ్చింది.

బుధవారం మోటారు డ్రమ్ములో ఆడింది. వేడెక్కేదాకా ఆగి, చెవి దగ్గరగా పెట్టి, స్క్రూని వెంట్రుకవాసి అటూ ఇటూ జరిపింది. దగ్గు పోయింది. గొణుగుడు పోయింది. ఇంకాస్త జరిపేసరికి మోటారు నిద్రలో పసిబిడ్డలా నిలకడగా ఊపిరి తీసుకుంది. ఇక ఆమె ఆఖరి పరీక్ష ఒకటుంది. నిండు టీ గ్లాసు తెచ్చి ఆడుతున్న మోటారు మూత మీద పెట్టింది. టీ మీద చిన్న ముడత కూడా పడలేదు.

సరంగు పీట మీంచి లేచి వచ్చాడు. గ్లాసు వంక చూశాడు. మూత మీద అరచెయ్యి ఆనించాడు, తీశాడు, మళ్లీ ఆనించాడు.

"ఆడుతోందా?" అని అడిగాడు.

స్పానరమ్మ పొంగిపోయింది. ఆమె జన్మలో అంత గొప్ప మెచ్చుకోలు వినలేదు. "చూశావా! నువ్వే అడగాల్సొచ్చింది, ఆడుతోందా అని!" అంటూ తండ్రి భుజం మీద చరిచి, గోళ్లరంగు సీసా తెరిచి స్క్రూ మీద ఎర్రటి చుక్క పెట్టింది. గుమ్మంలో తల్లి నిలబడి ఉంది. ఆమె గ్లాసు చూడలేదు, మోటారు చూడలేదు, భర్త పాదాలు చూస్తోంది.

శుక్రవారం తనిఖీ అధికారి చెప్పిన వేళకే వచ్చాడు. నెమ్మదస్తుడు. చెప్పులు విడిచి పడవెక్కాడు, తాడు పట్టుకున్న తల్లికి నమస్కారం పెట్టాడు. తెల్లచొక్కా ఆయన అన్నంత పనీ చేసినట్టున్నాడు, "మీ మోటారు స్లో మీద నిలబడట్లేదని ఫిర్యాదొచ్చింది సరంగుగారూ" అని అధికారి ఎదురుగా నిలబడి చెప్పాడు. సరంగు ఆయన పెదాల వంకే చూస్తూ, "మా అమ్మాయి బాగుచేసింది" అన్నాడు. రేవు చెక్కల మీద నిలబడ్డ స్పానరమ్మకి గుండె ఉప్పొంగింది.

సరంగు పడవని ఏటి మధ్యదాకా తీసుకెళ్లి తిప్పుకొచ్చాడు. వచ్చేటప్పుడు వేగం తగ్గించి, అలవాటు ప్రకారం వెనక్కి తిరిగి నీటిధార చూసుకుంటూ, రివర్సు వేసి, పడవని రేవుకి మెత్తగా ఆనించాడు. టైరు కిర్రుమనలేదు. ఇన్నేళ్లలో ఆయన చేతుల్లో ఏ మనిషికీ ప్రాణాపాయం రాలేదంటే రాదు మరి అనుకున్నారు గట్టు మీద జనం.

"బాగుంది. ఇప్పుడు కట్టేసి స్లోలో ఉంచండి. కాసేపు చూస్తాను. మీరు ముందుకి తిరిగే కూర్చోండి" అన్నాడు అధికారి.

తల్లి తాడు కట్టింది. సరంగు ముందుకి తిరిగి, చుక్కాని పిడి మీద చెయ్యేసి కూర్చున్నాడు. అధికారి వెనక్కి వెళ్లి, నీళ్లు ఎంత వేడిగా వస్తున్నాయో చూద్దామని ధార దగ్గర ఒంగాడు. ఆయన వీపు ధారకి అడ్డమొచ్చింది.

మోటారు ఆడుతోంది. రేవు చెక్కల మీదికి సన్నగా, నిలకడగా వినిపిస్తోంది. స్పానరమ్మ కళ్లు మూసుకుని మరీ వింటోంది. కళ్లు తెరిచేసరికి తండ్రి పాదాలు కనిపించాయి. చెప్పుల్లేని పాదాలు. పడవ అడుగుచెక్క మీద మడమలు ఆనించాడు, తర్వాత వేళ్లు వెడల్పుగా పరిచాడు, తర్వాత పాదం మొత్తం అదిమాడు. దేనికోసమో వెతుకుతున్న పాదాలు అవి. పిడి మీది చెయ్యి తీసి మోటారు మూత మీద వేశాడు. మెల్లగా వెనక్కి తిరిగాడు. ధార ఉండాల్సిన చోట అధికారి వీపుంది.

సరంగు మొహంలో రక్తం ఇంకిపోయింది. ముందుభాగంలోంచి తల్లి చేతులు రెండూ ఎత్తి వద్దు వద్దని ఊపింది. ఆయన అటు చూడలేదు. మోటారు ఆగిపోయిందనీ, అధికారి తలెత్తేలోపు దాన్ని బతికించాలనీ ఒక్కటే ఆయన తొందర. గబుక్కున లేచి మోటారు తాడు అందుకుని బలమంతా పెట్టి లాగాడు.

ఆడుతున్న మోటారుకి తాడు లాగితే గర్రుమని ఇనుము ఇనుముతో రాసుకున్న చప్పుడొస్తుంది. ఆ చప్పుడుకి గట్టు మీద పిట్టలు కూడా లేచాయి. సరంగు మళ్లీ లాగాడు. అధికారి అదిరిపడి నిలబడ్డాడు.

"అదేంటి సరంగుగారూ? ఆడుతున్న మోటారుకి..."

సరంగు మళ్లీ లాగాడు.

"నాన్నా!" అని అరిచింది స్పానరమ్మ. ఆ అరుపుకి గట్టు మీద జనమంతా ఆమె వైపు తిరిగారు. తండ్రి ఒక్కడే తిరగలేదు.

అధికారి పక్కకి జరిగాడు. నీటిధార సన్నగా, తెల్లగా, ఆగకుండా చిమ్ముతోంది. సరంగు దాన్ని చూశాడు. చేతిలో తాడు చూశాడు. తాడు వదిలేసి, మెల్లగా కూర్చున్నాడు. అధికారి ఆయన వెనక నిలబడి, మామూలు గొంతుతో, "సరంగుగారూ" అని పిలిచాడు. కాసేపాగి మళ్లీ పిలిచాడు. తర్వాత పిలవలేదు.

ఒడ్డెక్కి స్పానరమ్మ దగ్గరికి వచ్చి ఆయన చెప్పిన మాటల్లో కోపం లేదు, అదే ఆమెకి మరీ కష్టమైంది. "ఇంత మెత్తగా ఆడే మోటారు నేను ఈ ఏటి మీద చూడలేదమ్మా. దానికి ఏ లోపమూ లేదు. కానీ ఆయన చేతికి ఇక జనాన్ని ఇవ్వలేను. వెనక నుంచి ఎవరైనా నీళ్లలో పడి అరిస్తే ఏంటి గతి? పడవ ఆగక్కర్లేదు. మీకు నడిపే లైసెన్సు ఉందిగా. సోమవారం నుంచి మీరు కూర్చోండి."

ఆయన అన్నదాంట్లో ఒక్క మాట తప్పని చెప్పడానికి లేదు. నలభై ఏళ్లు మనుషుల్ని దాటించిన మనిషిని ఒక్క తాడు లాగుడుతో ఒడ్డున కూర్చోబెట్టేశారు, అది న్యాయమేనా అంటే, న్యాయమే. ఆ న్యాయాన్ని చక్కగా తుడిచి, నానబెట్టి, గాలి కొట్టి, చేతికందించింది తనే.

ఇంటికొచ్చాక తల్లిని నిలదీసింది. ఆ ఇంట్లో మొదటిసారి గుసగుసగా పోట్లాట జరిగింది. గుసగుస ఎందుకో ఇద్దరికీ తెలీదు, పక్కగదిలో ఉన్న మనిషికి అరిచినా వినబడదు.

"నీకెప్పటినుంచి తెలుసు?"

"ఏడాది పైనే అయింది. కుడిచెవి ముందు పోయింది, మోటారు పక్కనుండేది అదేగా. తర్వాత రెండోది."

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"ఒట్టేయించుకున్నాడు. అమ్మడికి తెలిస్తే ఆ రోజే పడవ దింపేస్తుందన్నాడు. దింపేదానివి కాదూ?"

స్పానరమ్మ దింపేసేది. అందులో అనుమానం లేదు.

"వేగంగా పోయేటప్పుడు పర్లేదంట, పడవే చెప్తుందంట. స్లోలో వచ్చేటప్పుడే భయమంట. మోటారు బతికుంటేనే కదా రివర్సు వేస్తే ఆగేది. లేకపోతే జనం మీద జనం పడతారు. చేతివేళ్లు కూడా మొద్దుబారిపోయాయి, ఆ పిడి పట్టుకుని పట్టుకుని. ఇక మిగిలింది పాదాలు. నువ్వు చక్కగా చేసిచ్చిన మోటారు పాదాలకి తెలియడం లేదంట. అందుకని కత్తితో ఆ స్క్రూ తిప్పుకున్నాడు. వణికితే చాలు, తెలుస్తుందన్నాడు." తల్లి ముక్కు చీదుకుంది. "నీ ఎర్రచుక్క పగలగొట్టినప్పుడు ఎంత బాధపడ్డాడో తెలుసా. అమ్మడు తిడుతుంది అన్నాడు."

అమ్మడు తిట్టింది. పీట మీద కూర్చున్న మనిషి ముందే, లేని మెకానిక్కు పేరు పెట్టి, తనివితీరా తిట్టింది. ఆ మనిషి ఒక్క మాట కూడా విని ఉండడన్న ఆలోచన కాస్తయినా ఊరట ఇస్తుందేమో అని చూసింది. ఇవ్వలేదు. ఆయన చూశాడు కదా, ఆమె మొహం.

ఆదివారం రేవుకి సెలవు. పొద్దెక్కాక స్పానరమ్మ తండ్రి ఎదురుగా వచ్చి నిలబడి, పెదాలు స్పష్టంగా కదిపి, "పడవ దగ్గరికి పోదాం పద నాన్నా" అంది. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆమె చెయ్యి పట్టుకుని లేపింది.

రేవులో ఎవరూ లేరు. ఆమె మోటారు మూత తీసి, తండ్రి ముందు చెయ్యి చాపింది. ఆయనకి అర్థం కాలేదు. ఆమె ఆయన నడుము వైపు చూపించింది. సరంగు మడతకత్తి తీసి ఆమె అరచేతిలో పెట్టాడు.

తాడు లాగి మోటారు ఆడించి, కత్తి మొనతో తన ఎర్రటి చుక్క తనే పగలగొట్టింది. స్క్రూని వెనక్కి తిప్పింది. మోటారు ఊపిరి తడబడింది. ఇంకా తిప్పింది. గొణిగింది, దగ్గింది, నల్లటి పొగ ఒక్కసారి ఉమ్మింది. పడవ అడుగుచెక్క గడగడలాడింది. చేతులారా చేసిన పనిని చేతులారా పాడుచేస్తోంది. అయినా ఆపలేదు. తండ్రి పాదాల వంక చూస్తూ తిప్పింది.

సరంగు పాదాలు కదలడం మానేశాయి. చెక్క మీద హాయిగా ఆనుకున్నాయి. ఆయన భుజాలు దిగాయి.

"ఆఁ. వచ్చింది" అన్నాడు.

తాడు విప్పాడు. ప్రయాణికులెవరూ లేని పడవని ఆయన ఆ గట్టుదాకా నడిపాడు, అక్కడ రేవుని తాకకుండానే తిప్పాడు, ఈ గట్టుకి తెచ్చాడు. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి ధార చూసుకోలేదు. స్పానరమ్మ ముందుభాగంలో, రోజూ తల్లి కూర్చునే చోట కూర్చుని, ఆయన మొహమే చూస్తూ వచ్చింది. రేవు దగ్గర పడవ, నిద్రపోయే బిడ్డని పక్క మీద దింపినట్టు ఆగింది.

ఆమె తాడు కట్టింది. మోటారు ఆపడానికి ఆయన చెయ్యి వెళ్లలేదు. ఆమె దగ్గరున్న కత్తి వైపు చూపించాడు.

"బిగించెయ్."

"ఇవాళ్టికి ఉండనీ నాన్నా."

పెదాలు చూసి అర్థం చేసుకున్నాడు. "పొద్దున్నే జనం ఎక్కుతారు. పొగ వస్తే తిడతారు. ఆగిపోతే పడతారు. నువ్వు కదా కూర్చునేది. నీకు చెవులున్నాయి. బిగించెయ్ అమ్మడూ."

ఆమె ఒంగి స్క్రూ గాడిలో కత్తి మొన పెట్టింది. కొంచెం లోపలికి తిప్పింది. దగ్గు తగ్గింది.

"ఉంది" అన్నాడు సరంగు, పాదాలు చెక్కకి ఆనించి.

ఇంకొంచెం తిప్పింది. పొగ పోయింది.

"ఉంది."

ఇంకొంచెం.

"ఉంది" అన్నాడు, కాసేపాగి. కళ్లు మూసుకున్నాడు.

ఆమె వెంట్రుకవాసి జరిపింది. మోటారు తన పాత గొంతు అందుకుంది, రేవు మొత్తం మీద వినసొంపైన గొంతు. సరంగు ఏమీ అనలేదు. ఆమె ఎదురుచూసింది. ఆయన పాదాలు ఒకసారి చెక్క మీద వెతికాయి, వేళ్లు పరుచుకున్నాయి, ఆగాయి.

"ఆడుతోందా?" అని అడిగాడు.

ఈసారి ఆమె నవ్వలేదు. ఆయన చెయ్యి పట్టుకుని మోటారు వెనకవైపుకి తీసుకెళ్లి, మణికట్టుని నీటిధార కింద పెట్టింది. నీళ్లు ఆయన చేతి మీంచి జారి ఏట్లో పడ్డాయి.

సరంగు కళ్లు తెరవలేదు.

"ఆఁ" అన్నాడు. "వెచ్చగా ఉంది."

చెయ్యి చాలాసేపు అక్కడే ఉంచాడు. తర్వాత దాన్ని పంచెకి తుడుచుకుని లేచి, ముందుకి నడిచి, ప్రయాణికులు కూర్చునే బల్ల మీద కూర్చున్నాడు. స్పానరమ్మ గోళ్లరంగు సీసా తీసి స్క్రూ మీద చుక్క పెట్టింది.